చట్టం కన్నా జీవో పెద్దదా?

మొన్న శంషాబాదు పక్కన ఒక వాడలో కూర్చున్నాం. ఒక పెద్దమ్మ కొంగుముడి విప్పి అసైన్డ్ పట్టా చూపింది. "సర్కారు ఇచ్చిన భూమే కదా, ఎప్పుడైనా గుంజుకుంటం, పైసా ఇయ్యం" అని ఒక ఆఫీసులో అన్నరట. "రాష్ట్రపతి సంతకం చేసిన చట్టాలున్నయి గద బిడ్డా, వాళ్ల నోటి మాటకు ఆగిపోతయా?" అని అడిగింది.

ఆగవు. చట్టాన్ని పక్కన పెట్టే అధికారం రాష్ట్రపతికే లేదు. బిల్లును ఒకసారి తిప్పి పంపొచ్చు. పార్లమెంటు మళ్లీ పాస్ చేస్తే 111వ అధికరణం ప్రకారం ఒప్పుకోవాల్సిందే. ఇంగ్లండు రాజు దగ్గరనే ఈ పెత్తనం 1689లో ఊడగొట్టిన్రు. రాష్ట్రపతి దేశానికి ప్రతినిధే గాని పాలకుడు కాదని బాబాసాహెబ్ 1948 నవంబరులో రాజ్యాంగ సభలో చెప్పిండు. పార్లమెంటు చట్టాలు అమలయ్యేటట్టే రాష్ట్రాలు అధికారం నడపాలని 256వ అధికరణం కట్టడి చేసింది. ఢిల్లీలో లేని అధికారం మండలాఫీసుకు ఎక్కడిది?

అయినా అడ్డదారి తొక్కుతరు. 2013 భూసేకరణ చట్టం భూమిలేని కూలీకి, కౌలుదారుకు కూడా పునరావాసం రాసింది. తెలంగాణ ప్రభుత్వం 2015 జులైలో 123 జీవో తెచ్చి, పట్టాదారుతో బేరమాడి భూమి రాయించుకున్నది. కూలి పోయినోడి ఊసే లేదు. మన వాడల్లో పట్టాదార్లెందరు, కూలీలెందరు? జహీరాబాదు నిమ్జ్ ప్రాంతపు కూలీలు హైకోర్టుకెక్కిన్రు. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవో కొట్టేసిండు. సర్కారు అప్పీలుకు పోయింది. చివరికి అసెంబ్లీలో సవరణ చట్టం చేసి, 2017లో రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకున్నది. ఆ సవరణ మనకు మేలు చేసిందని మేము అనం. కానీ చట్టం మార్చాలంటే జీవో చాలదని సర్కారే ఒప్పుకున్నట్టయింది.

ఇక పెద్దమ్మ పట్టా. 2008 మార్చిలో 5,500 ఎకరాల్లో విమానాశ్రయం మొదలైనంక ఆ చుట్టుపక్కల గుంట భూమికీ గిరాకీ పెరిగింది. అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదని 1977 చట్టం చెప్తున్నది. రియల్ ఎస్టేటోడి చేతిలో కాగితమున్నా అది కాగితమే. సర్కారే తీసుకుంటే? చేవెళ్ల డివిజన్ కేసులో 2004లో హైకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి తేల్చింది: సొంత పట్టాదారుకెంతో అసైన్డ్ రైతుకూ అంతే పరిహారం. పట్టాలో వేరే షరతు రాసుకున్నా చెల్లదు.

దళితుల భూమి అక్రమంగా గుంజుకుంటే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ చట్టం కింద చేయాల్సిన పని కావాలని చెయ్యని అధికారికి నాలుగో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది జైలు.

నోటి మాటకు లేచి రావొద్దు. ఏ చట్టం, ఏ సెక్షన్ కింద తీసుకుంటున్నారో రాసిమ్మని దరఖాస్తు పెట్టండి, రసీదు తీసుకోండి. పట్టా అసలు కాగితం ఎవరి చేతికీ ఇయ్యకండి, నకలే ఇయ్యండి. పెద్దమ్మ దరఖాస్తు మేమే రాసినం; రసీదు ఆమె కొంగుముడిలో ఉంది.