చప్పట్లు కొట్టడానికేనా జూనియర్ జట్టు?

"ఐకమత్యమే మహాబలం" అని రాయని బడి గోడ ఉండదు. వ్యాసరచన పోటీలో ఈ మాటతో మొదలుపెడితే మార్కులు కూడా బాగానే పడతాయి. కానీ ఆటల దగ్గరికి వచ్చేసరికి దీని అర్థం మారిపోతోంది. పెద్ద జట్టు ఆడాలి, చిన్న జట్టు అరవాలి. దాన్నే టీమ్ స్పిరిట్ అంటున్నారు. నేను దీనికి ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో గురువుల మీద, పెద్దల మీద గౌరవంతోనే రాస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. అమ్మాయిల ఖో-ఖో జూనియర్ జట్టులో ఉన్నాను. మేం మొత్తం పన్నెండు మందిమి. శనివారం బడి వదలగానే గ్రౌండులో రాళ్లు ఏరేది మేమే. సున్నంతో గీతలు వేసేది మేమే. సీనియర్ అక్కలకు నీళ్ల సీసాలు అందించేది మేమే. తర్వాత వాళ్లు ప్రాక్టీసు చేస్తారు, మేం పక్కన కూర్చొని చూస్తాం. చీకటి పడేముందు పది నిమిషాలు మిగిలితే అవి మావి. ఈ ఏడాది మాకు ఒక్క మ్యాచ్ కూడా పెట్టలేదు. కానీ వేరే బడితో పోటీ ఉన్న రోజు అందరికంటే ముందు మమ్మల్నే పిలుస్తారు. "గట్టిగా అరవండి, స్పిరిట్ చూపించండి" అంటారు.

అక్కల కోసం అరవడం మాకు ఇష్టమే. గొంతు పోయేదాకా అరిచాం, ఇకముందు కూడా అరుస్తాం. నా గొడవ అరవడం గురించి కాదు. అరవడం ఒక్కటే మీ పని అనడం గురించి.

క్లాసులో కొందరు మమ్మల్ని "చీర్ లీడర్లు వచ్చారు" అని ఎగతాళి చేస్తారు. వాళ్లకు తెలిసింది ఐపీఎల్‌లో ఫోర్ కొట్టినప్పుడు ఎగిరేవాళ్లే. అసలు సంగతి వాళ్లు తెలుసుకోవాలి. 1898లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి జనం ముందు నిలబడి అందరిచేత ఒకే నినాదం పలికించాడు. చీర్ లీడింగ్ అక్కడే మొదలైందని చెబుతారు. అంటే మొదటి చీర్ లీడర్ అబ్బాయే! ఇప్పుడది జిమ్నాస్టిక్స్ లాంటి కష్టమైన ఆట. పైకి ఎగిరే అమ్మాయిని ఫ్లయర్ అంటారు. కింద ఆమెను మోసేవాళ్లు బేస్‌లు. పడిపోకుండా వెనక కాపు కాసేవాళ్లు స్పాటర్లు. ఫోటోలో ఫ్లయర్ ముఖమే పడుతుంది. కానీ కింద ఒక్కరి చెయ్యి జారినా ఆమె నేల మీద పడుతుంది. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ ఆట సమాఖ్యకు పూర్తి గుర్తింపు ఇచ్చింది. కాబట్టి ఆ పేరుతో పిలిస్తే మేం సిగ్గుపడం.

ఇంకో సంగతి కూడా ఉంది. అమెరికా హైస్కూళ్లలో పెద్ద జట్టును వర్సిటీ అంటారు. దాని కింద చిన్న తరగతుల పిల్లలతో, ఇంకా నేర్చుకుంటున్న వాళ్లతో జూనియర్ వర్సిటీ అని ఇంకో జట్టు ఉంటుంది. ఆ జూనియర్ జట్టుకు తన మ్యాచ్‌లు తనకు వేరుగా ఉంటాయి. చీర్ లీడర్లలో కూడా చాలా చోట్ల జూనియర్ జట్టు వేరుగా ఉంటుంది, దాని ప్రాక్టీసు దానికి ఉంటుంది. ప్రోత్సహించడమే పనిగా ఉన్న ఆటలో కూడా చిన్నవాళ్లకు సొంత వంతు ఇస్తున్నారు. మరి మాకెందుకు ఇవ్వరు?

అంత దూరం ఎందుకు, మన ఖో-ఖోనే చూడండి. మనం ఆడే పద్ధతిలో జట్టుకు పన్నెండు మంది. తొమ్మిది మంది ఆడతారు, ముగ్గురు అదనం. ఆ తొమ్మిది మందిలో ఎనిమిది మంది గడుల్లో కూర్చుంటారు, ఒక్కరే తరుముతారు. తరిమేవాళ్లు వెనక్కి తిరగకూడదు, కూర్చున్నవాళ్ల మధ్యలోంచి అవతలి వైపుకు దూరకూడదు. రన్నర్ అవతలికి తప్పించుకుంటే ఏం చెయ్యాలి? కూర్చున్న అమ్మాయి వెనక నుంచి వీపు తట్టి "ఖో" అనాలి. ఆమె లేచి పరుగెత్తాలి, తట్టిన అమ్మాయి ఆ గడిలో కూర్చోవాలి. ఎంత బాగా పరుగెత్తే అమ్మాయైనా ఒంటరిగా ఈ ఆట గెలవలేదు. కూర్చున్నవాళ్లకు వంతు ఇస్తేనే ఆట నడుస్తుంది. ఇది ఖో-ఖో నియమం. మనం ఆడించే ఆట నియమాన్ని మన జట్ల విషయంలో మనమే పాటించకపోతే ఎలా?

దీనికి పెద్దలు చెప్పే జవాబులు నాకు తెలుసు.

మొదటిది, "ఉన్నది ఒక్క గ్రౌండు." నిజమే. కానీ వారానికి ఆరు రోజులు బడి ఉంది. డ్రిల్ పీరియడ్‌ను లెక్కల పాఠానికి తీసుకోకుండా ఉంటే చాలు, మాకు ఒక రోజు దొరుకుతుంది. గ్రౌండు ఒక్కటే అయితే వంతులు వేసుకోవాలి గాని, ఒకరికే రాసి ఇవ్వకూడదు.

రెండోది, "కప్పు తెచ్చేది సీనియర్లు." ఈ మాటే నాకు ఎక్కువ బాధ కలిగించేది. సీనియర్ అక్కల్లో ఎక్కువ మంది పదో తరగతి. ఎస్సెస్సీ బోర్డు పరీక్షలు దగ్గర పడితే వాళ్లు గ్రౌండుకు రారు, వచ్చే ఏడు బడిలోనే ఉండరు. అప్పుడు బడి పేరు నిలబెట్టాల్సింది మేమే. ఒక్క మ్యాచ్ ఆడని పన్నెండు మంది ఒక్కసారిగా కప్పు ఎలా తెస్తారు? ఓడిపోతే మాత్రం "ఈ బ్యాచ్‌లో స్పిరిట్ లేదు" అంటారు. విత్తనం వెయ్యకుండా పంట రాలేదని చేనును తిట్టినట్టు ఉంటుంది అది.

మూడోది ఇళ్లల్లో వినిపించేది. "వచ్చే ఏడు పది. ఆడపిల్లవి, ఇంకా ఈ ఉరుకుడేంది?" అని మా అమ్మ అంటుంది. పొద్దంతా బీడీలు చుట్టి నడుము నొప్పితో లేచే అమ్మ భయం నాకు అర్థమవుతుంది. నేను బాగా చదివి ఆ చాట ముందు కూర్చోకూడదనే ఆమె కోరిక. కానీ అమ్మలారా, నాన్నలారా, ఒక్కసారి ఆలోచించండి. ఎనిమిదిలో, తొమ్మిదిలో "నువ్వింకా జూనియర్, ఆగు" అంటారు. పదిలో "పరీక్షలున్నాయి, మానెయ్యి" అంటారు. మరి మేం ఆడేది ఎప్పుడు? వారానికి ఒక గంట ఆడితే చదువు పాడైపోదు. 2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖో-ఖో ప్రపంచ కప్ జరిగింది. ఫైనల్లో మన దేశం అమ్మాయిలు నేపాల్‌ను 78-40తో ఓడించారు. ఆ జట్టు కెప్టెన్ ప్రియాంకా ఇంగ్లే మన మహారాష్ట్ర అమ్మాయే. ఆమె కూడా ఒకప్పుడు జూనియరే కదా.

సీనియర్ అక్కలందరూ మమ్మల్ని పట్టించుకోరని నేను అనడం లేదు. మొన్న ఒక అక్క తన ప్రాక్టీసు అయ్యాక పావుగంట ఉండి, వేగం తగ్గకుండా పోల్ చుట్టూ ఎలా తిరగాలో నాకు నేర్పింది. ఎవరూ చెప్పకుండానే చేసింది. ఆ తర్వాతి మ్యాచ్‌లో ఆమె కోసం మేం అరిచిన అరుపు ఎవరూ అరవమంటే వచ్చింది కాదు. స్పిరిట్ అలా పుడుతుంది. మనకు ఎవరైనా ఏదైనా ఇస్తే, మన లోపలి నుంచి దానంతట అదే వస్తుంది. ఆర్డరు వేస్తే వచ్చేది చప్పుడే.

మన సోలాపూర్‌లో చాలా ఇళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. చద్దరు కొనేవాళ్లు పువ్వు చూసి కొంటారు. కానీ పడుగులో పోగులు తెగుతుంటే పువ్వు పడదని మగ్గం మీద పనిచేసే నాన్నలకు తెలుసు. జట్టులో మేం ఆ పోగులం.

అందుకే గురువులను మూడు కోరుతున్నాను. వారంలో ఒక రోజు గ్రౌండు పూర్తిగా జూనియర్ జట్టుకు ఇవ్వండి. ఏడాదికి కనీసం రెండు మ్యాచ్‌లు దగ్గరి బడుల జూనియర్ జట్లతో పెట్టండి. రాళ్లు ఏరడం, గీతలు వెయ్యడం సీనియర్లు, జూనియర్లు వంతులవారీగా చెయ్యాలని నియమం పెట్టండి. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు.

తోటి జూనియర్లకు ఒక మాట. మనకు వంతు వచ్చిన రోజు ఆరో, ఏడో తరగతి చెల్లెళ్లు గ్రౌండు పక్కన నిలబడి ఉంటారు. వాళ్ల చేతికి నీళ్ల సీసాలు ఇచ్చి ఊరుకోవద్దు. వెనక నుంచి వీపు తట్టి "ఖో" అనండి.