పలక మారిస్తే తడి ఆగుతుందా?

మెల్‌బోర్న్ టార్నీట్‌లోనో, సిడ్నీ వెంట్‌వర్త్‌విల్‌లోనో మనవాళ్ళ ఇంట్లో బాత్‌టబ్ పక్క పలక వంకరపోయిందంటే వాట్సాప్ గ్రూపులో వచ్చే సలహా ఒక్కటే: "తీసి పారేసి కొత్తది వేయించెయ్యండి. ఈ దేశంలో లైసెన్సు లేకుండా స్క్రూ కూడా ముట్టుకోకూడదు." మొదటి మాట సగం నిజం. రెండోది శుద్ధ అబద్ధం.

కరెంటు వైరింగు, గొట్టాల పని లైసెన్సు ఉన్నవాళ్ళదే, అందులో వాదన లేదు. టబ్బు చుట్టూ టైల్స్‌తో కట్టు కట్టి ఉంటే దాన్నీ కదపమనను. దాని వెనక నీరు దిగకుండా వేసిన పొర ఉంటుంది, దానికి ఏఎస్ 3740 అనే ప్రమాణమే ఉంది. నేను చెప్పేది ఊడదీయగలిగే పలక సంగతి. న్యూ సౌత్ వేల్స్‌లో ఓనర్-బిల్డర్ పర్మిట్ అడిగేది 10,000 డాలర్లు దాటి, ప్రభుత్వ అనుమతి కూడా కావలసిన నిర్మాణానికి. నాలుగు స్క్రూలు విప్పి బిగించడానికి కాదు. చట్టం చాటున మనం దాచుకునేది చేతిపని మీద చిన్నచూపు. ఊళ్ళో మిస్త్రీని కేకేసి చేయించుకున్న అలవాటు మనతోపాటే విమానం ఎక్కింది. ఇక్కడ చాలామంది ట్రేడీలు, అంటే చేతిపనివాళ్ళు, గడప తొక్కినందుకే కాల్-ఔట్ ఫీజు తీసుకుంటారు, అంతే తేడా.

డబ్బు సంగతి అలా ఉంచండి. పలక ఊరికే వంగదు. అది చాలాచోట్ల ఎండీఎఫ్‌ది. ఎండీఎఫ్ అంటే చెక్కపీచుకు జిగురు పట్టించి, వేడిమీద గట్టిగా అదిమిన బల్ల. ముందువైపు నున్నగా పెయింటో లామినేటో ఉంటుంది; వెనకవైపూ, కోసిన అంచులూ చాలాసార్లు అలాగే వదిలేస్తారు. తడి అటునుంచే ఎక్కుతుంది. ఒకవైపు ఉబ్బి రెండోవైపు ఉబ్బకపోతే బల్ల విల్లులా వంగక ఏం చేస్తుంది? అదిమిన పీచు ఒకసారి విచ్చుకుంటే ఆరినా పాత మందానికి రాదు. అంచు ఉబ్బిన ఎండీఎఫ్‌ని బరువులు పెట్టి సాపు చేయొచ్చని చూపించే వీడియోలు నమ్మకండి. పారేయమన్న సలహా అంతవరకే నిజం. కొత్త పలకా అదే ఎండీఎఫ్ అయి, అంచులకు ఏమీ పూయకుండా అదే తడినేల మీద నిలబెడితే దాని గతీ అంతే.

తడి ఎక్కడిదో ట్రేడీకేం తెలుసు? ఇంట్లోవాళ్ళకు తెలుసు. టబ్బు ఉన్నా మనకు బకెట్టూ చెంబూ ఉండాలి. అత్తగారు వస్తే పీట కూడా కావాలి. పండగపూట తలంట్ల నీళ్ళన్నీ పలక అడుగునే నిలుస్తాయి. పలక తీసి టార్చి వేసి చూడండి. మరక కిందినుంచి ఎక్కితే అది మన చెంబు పని. పైనుంచి కారితే టబ్బు అంచున సిలికాన్ విడింది. గొట్టం దగ్గర మొదలైతే ముందు ప్లంబరు, ఆ తరువాతే పలక.

పాత సిలికాన్ మీదే ఇంకో పూత లాగించేవాళ్ళు మరో వర్గం. సిలికాన్ మీద సిలికాన్ సరిగా పట్టదు. పాతది పూర్తిగా గీకేసి, ఆరనిచ్చి, టబ్బు నిండా నీళ్ళు పట్టి అప్పుడు పూయాలి. బరువుకు టబ్బు కాస్త దిగి సందు పూర్తిగా తెరుచుకుంటుంది. సిలికాన్ గట్టిపడేదాకా నీళ్ళు వదలకూడదు. కొత్త పలక పీవీసీదైతే మంచిది, వెనక ఆనికగా బద్దలు వేస్తే వంగదు. ఎండీఎఫే కావాలంటే వెనకవైపూ అంచులూ అన్నీ పెయింటుతో మూసి, నేలకు కాస్త ఎత్తున బిగించండి.

'ముట్టుకోకండి' అనేవాళ్ళు ఒక్కచోట గెలుస్తారు. ఆస్ట్రేలియాలో ఆస్‌బెస్టాస్ పూర్తిగా నిషేధమైంది 2003 డిసెంబరు 31న. 1990కి ముందు కట్టిన ఇంట్లో బాత్‌రూమ్ రేకు అదే కావచ్చు. పరీక్ష చేయించకుండా దానికి డ్రిల్లు పెట్టకూడదు, గరుకు కాగితం తాకించకూడదు.

అద్దె ఇల్లయితే పలక జోలికి పోవద్దు, ఏజెంటుకు రాతపూర్వకంగా చెప్పండి. విక్టోరియాలో కట్టడం లోపంవల్ల వచ్చిన బూజు, చెమ్మ అత్యవసర మరమ్మతుల కిందికి వస్తాయి. వంకర పలక ఫోటో పంపితే పలకే మార్చి వెళ్తారు. సందులోంచి టార్చి వేసి, వెనక నల్లబడిన గోడ ఫోటో పంపండి.