ఆట తెలియని ప్రేక్షకుడు

హాస్యమునకు వికృతి మూలమని మన ఆలంకారికుల మతము. వేషమునందో, మాటయందో, చేష్టయందో లోకరీతికి భిన్నమైనది కనిపించినప్పుడు నవ్వు పుట్టును. భరతుడు నాట్యశాస్త్రమున హాస్యమును ఆత్మస్థమనియు పరస్థమనియు రెండుగా విభజించి, స్మితము మొదలుకొని అతిహసితము వరకు నవ్వునకు ఆరు మెట్లు కట్టినాడు. ఈ ఆరు పేర్లను తరగతిలో వల్లె వేయించుట సులభమే. ఏ నవ్వు ఎక్కడ స్మితమగునో, ఎక్కడ అపహసితమగునో చూపించుటకు మాత్రము ఉదాహరణము కావలెను. ప్రబంధములలో వెదకుటకంటె, మన విద్యార్థులలో కొందరు ఇంట చూచి నవ్వుకొనుచున్న ఒక టెలివిజన్ నాటికను చేపట్టుట మేలని నా తలంపు.

అమెరికాలో 2007 నుండి 2019 వరకు 279 భాగములుగా ప్రసారమైన ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’ యను హాస్యధారావాహిక కలదు. కాలిఫోర్నియా రాష్ట్రమున పాసడీనా నగరమందున్న నలుగురు మిత్రుల కథ యది. వారిలో ముగ్గురు శాస్త్రజ్ఞులు, ఒకడు ఇంజనీరు. శాస్త్రజ్ఞులలో రాజ్ అనువాడు న్యూఢిల్లీవాడు. షెల్డన్ అనువాడు సిద్ధాంత భౌతికశాస్త్రమున అసమానుడు. తాను అసమానుడనని దినమునకు పదిమార్లు చెప్పుకొనువాడు. 2009లో ప్రసారమైన ఒక భాగమున వీరు ‘మిస్టిక్ వార్‌లార్డ్స్ ఆఫ్ కా’ యను పేకాట ఆడుదురు. ఆ యాట నాటికకై కల్పించినది. భూతములు, మాయామృగములు, యుద్ధప్రభువులు ఆ పేకముక్కలపై నుందురు. ఏ ముక్క దేనిని కొట్టునో ప్రేక్షకునికి తెలియదు. తెలియజెప్పువారును లేరు. అయినను ప్రేక్షకుడు నవ్వుచునే యుండును.

కల్పితమే యయినను ఆ యాటకు లోకమున మూలము లేకపోలేదు. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అను పేకాటను వెలువరించెను. మన పేకలో ఏబదిరెండు ముక్కలు; అందులో నేటివరకు వెలువడిన వేర్వేరు ముక్కలు ఇరువదివేలకు పైబడినవి. మన పేకలో నియమములు ఆటగాని తలలో నుండును. అందులో ఒక్కొక్క ముక్కపై దాని నియమము అచ్చువేయబడి యుండును, అది సాధారణ నియమమును ధిక్కరింపవచ్చును గూడ. ఆ ముక్కలను తగిన రీతిని పేర్చినచో గణనయంత్రము చేయగల ఏ గణనమునైనను ఆ యాటచేతనే చేయింపవచ్చునని 2019లో కొందరు పరిశోధకులు నిరూపించిరి. కావున చూడగనే పిల్లలాటయని త్రోసివేయదగినది కాదు.

మరి నవ్వెక్కడిది? ముక్కల పేర్లలో కొంత కలదు, కాని అది చౌకబారు నవ్వు. అసలు నవ్వు ఆడువారి గాంభీర్యమునందున్నది. లోకములు కూలునో నిలుచునో అన్నంత దీక్షతో వారు ముక్క వేయుదురు. బల్లపై నున్నది అట్టముక్క. ముఖముపై నున్నది కురుక్షేత్రము. ఈ రెంటి నడుమనున్న దూరమే హాస్యము. అది చూచుటకు ఆట తెలియనక్కరలేదు. ఒక్కొక్కప్పుడు తెలియకుండుటయే మేలు.

కథను మరికొంత చెప్పవలెను. బొమ్మల పుస్తకముల దుకాణమున ఈ యాటకు పోటీ పెట్టుదురు. తనవంటి ధీశాలికి అది తగిన పోటీ కాదని షెల్డన్ మొదట నిరాకరించును. విల్ వీటన్ అను నటుడు కూడ పోటీలో నున్నాడని తెలియగనే రాజ్‌తో జతకట్టి బరిలోనికి దూకును. కారణము పాత పగ. 1995లో బాలుడైన షెల్డన్ ఆ నటుని చూచుటకై పది గంటలు బస్సులో ప్రయాణము చేసి మిసిసిపీ రాష్ట్రమందలి జాక్సన్ నగరమునకు పోగా, ఆయన రానేలేదట! పదునాలుగేండ్లు ఆ నిప్పును కడుపులో దాచుకొన్నాడు. (వీటన్ నిజముగ నటుడే, ఈ నాటికలో దుష్టుడైన వీటన్‌గా తన వేషమును తానే వేసినాడు.)

ఆట చివరికి వచ్చును. షెల్డన్ గెలుపు ఖాయము. అప్పుడు వీటన్ మెల్లగా, ఆనాడు తన అవ్వ అంత్యక్రియలకు పోవలసివచ్చినదనియు, అందువలన రాలేకపోతిననియు చెప్పును. షెల్డన్‌కు అవ్వయన్న ప్రాణము. పగ కరగిపోవును. గెలిపించు ముక్కను చేతనుంచుకొని, పనికిరాని ముక్కను బల్లపై వేయును. మరుక్షణమే వీటన్ తన అవ్వ నిక్షేపముగ నున్నదని చెప్పి, షెల్డన్‌ను వాని అవ్వ పిలుచు ముద్దుపేరుతోనే పిలిచి, ఆట ముగించును.

ఇచ్చట ప్రేక్షకుడు పెద్దగా నవ్వును. కాని ఈ నవ్వు మొదటి నవ్వు కాదు. అంతవరకు షెల్డన్ గర్వమును చూచి నవ్వినవాడు, ఇప్పుడు వాని దయ వానినే కొట్టుట చూచి నవ్వుచున్నాడు. నవ్వుచు లోలోపల ఇబ్బందిపడుచున్నాడు. వేల నియమములు కంఠస్థమైనవానికి మనుష్యుడు అబద్ధమాడవచ్చునను ఒక్క నియమము తెలియలేదు. హాస్యమున కరుణ ఇంత సన్నగా కలియుట ఎల్లప్పుడు జరుగునది కాదు.

పేకాటను హాస్యమునకు వాడుకొనుట మనకు క్రొత్త కాదు. 1909 నాటి కన్యాశుల్కమున మధురవాణి ఇంటి పేకాట ఘట్టమున్నది. ఆ ఆట రానివారు కూడ దానిని చదివి నవ్వుదురు. అక్కడ బయటపడునది పోలిశెట్టి చేతిలోని ముక్కలు కావు, పోలిశెట్టియే. అమెరికావారి ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలో 1968లో వచ్చిన మరొక పేకాట కలదు. దానిపేరు ‘ఫిజ్‌బిన్’. కావలివాండ్ర కన్ను గప్పుటకు నాయకుడు కర్క్ అప్పటికప్పుడు కల్పించిన ఆట యది. తలకు ఆరు ముక్కలు, పంచువాని కుడిప్రక్కవానికి మాత్రము ఏడు. మంగళవారమున ఒక నియమము, రాత్రివేళ మరొకటి. రెండు జాకీలు వచ్చిన మేలు, మూడు వచ్చిన అనర్థము. వినుచున్నవాడు తల గోకుకొనుచుండగా ముక్క యొకటి క్రిందపడును. దానికై వాడు వంగగనే బందీలు వానిని పడగొట్టుదురు.

మనము కూడ నవ్వుదుము. కాని మన ఛందస్సును తెలుగురానివానికి ఒక్కమారు వివరించి చూడుడు. ఉత్పలమాలకు పదవ అక్షరము యతి, చంపకమాలకు పదునొకండవది, శార్దూలమునకు పదమూడవది, మత్తేభమునకు పదునాలుగవది. వీనికి ప్రాస తప్పదు. సీసమునకు ప్రాస లేదు గాని దాని క్రింద ఆటవెలదియో తేటగీతియో ఉండి తీరవలెను. వినువాని ముఖము ఆ కావలివాని ముఖమువలెనే యుండును! అవధానసభలో పృచ్ఛకుల నియమములు తెలియని శ్రోత కూడ అప్రస్తుతప్రసంగి లేవగానే నవ్వుటకు సిద్ధపడును. వీటన్ చెప్పిన అవ్వ కథ కూడ ఒక అప్రస్తుతప్రసంగమే. అవధాని తట్టుకొనును, షెల్డన్ తట్టుకొనలేకపోయెను.

ఈ ధారావాహిక పండితులను గేలి చేయుచున్నదని కొందరు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో సగము నిజము. ప్రేక్షకులను కూర్చుండబెట్టి చిత్రించిన నాటిక గనుక వారి నవ్వులు మనకు వినిపించుచునే యుండును. కొన్నిచోట్ల ఒక ముక్క పేరు పలికినంతనే ఆ నవ్వు లేచును. ఆటగాని లోపమును చూచి లేచినది కాదది. వానికి తెలిసినది మనకు తెలియదను ధీమాతో లేచినది. దానినే నేను అపహసితమందును. మన పాఠశాలలలో కూడ అది వినిపించుచున్నది. ఒక బాలుడు తపాలాబిళ్ళలను గూర్చియో, చదరంగపు ఎత్తులను గూర్చియో, గణవిభజనను గూర్చియో కన్నులు మెరయ చెప్పుచుండగా తరగతి గొల్లుమనును. ఉపాధ్యాయుడు కూడ పెదవి విరిచెనా, ఆ బాలుడు మరునాడు నోరు మెదపడు. వాడు తన గొప్పలు చెప్పుకొన్నప్పుడు నవ్వుడు, తప్పులేదు. వాని యిష్టమును చూచి నవ్వుట వేరు.

షెల్డన్ పగ ఏమయినదో తెలిసికొనగోరువారికి ఒక్కమాట. 2011లో వచ్చిన మరొక భాగమున వీటన్ చేతివ్రాలుతో, ఆలస్యమునకు క్షమార్పణతో, ఒక బొమ్మను పెట్టెతో సహా షెల్డన్‌కు బహూకరించును. ఇద్దరును కౌగిలించుకొందురు. అంతలో బ్రెంట్ స్పైనర్ అను మరొక నటుడు వచ్చి, ముద్ర చెడని ఆ పెట్టెను చించి బొమ్మను బయటికి లాగును. శత్రువుల జాబితాలో ఖాళీ అయిన స్థానము ఆ క్షణమే నిండినది.