మంచె వేసే ముందు పటం చూద్దాం

ఈసారి రాసేది కొంచెం పెద్దది. రాగి కంకి పాలు పోసుకునే లోపల అందరం మాట్లాడుకోవాల్సిన సంగతి కాబట్టి ఓపిగ్గా చదవండి.

తళి, జవళగిరి, డెంకణికోట, అంచెట్టి పక్క చేలున్న మనవాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. అక్టోబరు వస్తే బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగులు మన రాగి చేల మీదికి దిగుతాయి. అవి రాకముందే అడివి పందులు, జింకలు పని మొదలుపెట్టి ఉంటాయి. ఒక్క పందుల గుంపు ఒక్క రాత్రి తిరిగితే చాలు, తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. అందుకే రాత్రి కావలి. మనం మంచె అంటాం, తమిళంలో పరణ్ అంటారు. నాలుగు గుంజలు, పైన తడిక, ఒక కంబళి, ఒక టార్చి, కొట్టడానికి ఒక డబ్బా. ఇందులో మనకు తెలియనిదేముంది అనుకుంటాం.

తెలియనిది ఒకటుంది, అది చోటు. మన మంచెలు చాలావరకు రెండే చోట్ల ఉంటాయి. ఒకటి చేను నడిమధ్య. రెండోది ఇంటికి దగ్గరి గట్టు మీద, పోయి రావడానికి సులువని. మంచె ఎక్కడుండాలో మన సులువు చెప్పకూడదు, జంతువు దారి చెప్పాలి. ఆ దారి పైనుంచి తీసిన ఫోటోలోనూ సర్వే పటంలోనూ బాగా కనిపిస్తుంది. అది ఒకరి చేనులో ఆగదు, నాలుగైదు పట్టాల గుండా పోతుంది. కాబట్టి మంచె ఉమ్మడిగా వేసుకోవాలి. ఇంటికొక మంచె లెక్కన సంఘం డబ్బు పంచేద్దామన్న మాట పోయిన సమావేశంలో వచ్చింది. దానికి మేము ఒప్పుకోం. ఎందుకో చెబుతాం.

ముందు ఈ ఫోటోల సంగతి మనలోకి ఎలా వచ్చిందో చూద్దాం. అమెరికాలో లైసెన్సు తీసుకుని జింకల వేట ఆడతారు. అక్కడి వేటగాళ్లు చెట్టుకు కట్టుకునే మంచెకు చోటు వెతకడానికి ఉపగ్రహ ఫోటోలు, ఎత్తుపల్లాల పటాలు ముందు వేసుకుని కూర్చుంటారు. రెండు గుట్టల నడుమ పల్లం ఎక్కడ, అడివి సన్నబడిన చోటు ఎక్కడ, నీళ్లెక్కడ, మేతెక్కడ, గాలి ఎటు అని చూస్తారు. ఆ వీడియోలు మన పిల్లల ద్వారా మన గుంపులోకి వచ్చాయి. వెంటనే ఒకరిద్దరు కుర్రాళ్లు ‘మనకూ ఒక జింక దొరుకుతుందా’ అని నవ్వుతూ రాశారు. నవ్వులాటకైనా అలా రాయొద్దు బాబూ. మన దేశంలో 1972 చట్టం ప్రకారం జింకను చంపితే జైలు. మనకు కావలసింది వాళ్ల చూసే పద్ధతి ఒక్కటే.

ఆ పద్ధతిని కూడా మనం తిరగేసి వాడాలి. వేటగాడు దాక్కుంటాడు. తన వాసన జింకకు తగలకుండా గాలికి ఎదురు వైపు కూర్చుంటాడు, అది నమ్మి దగ్గరికి రావాలని చూస్తాడు. కావలివాడు దాక్కోకూడదు. ఇక్కడ మనిషి ఉన్నాడని జంతువుకు ముందే తెలియాలి, చేనులో కాలు పెట్టకముందే అది వెనక్కి తిరగాలి. పటం ఒకటే గానీ, వేటగాడు వద్దనుకునే చోటు మనకు మంచి చోటు. పందికి చూపు తక్కువ, ముక్కు చాలా గట్టిది. రాగి పండే అక్టోబరు, నవంబరు నెలల్లో మన పక్క గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి వీస్తుంది. అడివి పడమరన ఉన్న చేలలో ఆ గాలి మన వాసనను అడివిలోకే మోసుకుపోతుంది, అంత మేలు. అడివి తూర్పున ఉన్నవాళ్లకు ఇది ఎదురు తిరుగుతుంది, వాళ్లు వెలుతురు మీద, చప్పుడు మీద ఎక్కువ ఆధారపడాలి. గాలి ఆడని రాత్రి వేరే లెక్క. చల్లబడ్డ గాలి గుట్ట మీద నుంచి మెల్లగా పల్లానికి జారుతుంది. ఒక ఊదుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో పది నిమిషాలు చూస్తే ఆ చోటి సంగతి తెలిసిపోతుంది. వాసన ఒక్కటే పందిని ఎన్నాళ్లో ఆపదు, అదీ నిజమే. అలవాటు పడుతుంది. కానీ వాసన, వెలుతురు, చప్పుడు మూడూ ఒకే వైపు నుంచి, దాని దారికి ఎదురుగా వస్తే ఆ దెబ్బ వేరు.

ఇక ఫోటో చదవడం. ఫోన్లో కనిపించే గూగుల్ బొమ్మ ఒక్కటి చూసి సరిపెట్టుకోవద్దు. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత సంవత్సరాల ఫోటోలు కూడా చూడవచ్చు. ఇస్రో వాళ్ల భువన్ కూడా ఉంది. మనకు రెండు ఫోటోలు కావాలి. ఒకటి ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీసినది. మన అడివి ఎండాకాలంలో ఆకు రాల్చే అడివి. ఆకు రాలాక కింది నేల బయటపడుతుంది, కాలిబాటలు తెల్లటి సన్న గీతల్లా కనిపిస్తాయి. అవన్నీ నీటి గుంట దగ్గరికి వచ్చి కలుస్తాయి. రెండోది పైరు నిలబడి ఉన్నప్పటి ఫోటో. దానిలో పచ్చదనం ఎక్కడ తెగకుండా అడివి నుంచి చేల దాకా వచ్చిందో చూడాలి.

పశువుల బాట, అడివి జంతువు బాట ఫోటోలో ఒకేలా ఉంటాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. పశువుల బాట ఊరి దాకా వస్తుంది. అడివి జంతువు బాట చేను అంచున ఆగిపోతుంది, లేదా వంకలో దిగి మాయమవుతుంది. ఆ మాయమైన చోటు మీద వేలు పెట్టండి.

వంక అన్నాం కదా, మా లెక్కలో మొత్తం వ్యవహారం అక్కడే ఉంది. కింద నిలబడి చూస్తే అడివి అంచు మనకు ఒక గోడలా కనిపిస్తుంది. పైనుంచి చూస్తే అది గోడ కాదు, నాలుకలు చాపిన అంచు. వంక వెంట లాంటానా కంప, వెదురు, కానుగ చెట్లు దట్టంగా పెరిగి, అడివి నాలుకలా చేల మధ్యకు అర కిలోమీటరు దాకా చొచ్చుకుని వచ్చి ఉంటుంది. పందులు పగలంతా ఆ కంపలోనే పడుకుంటాయి. మనం అడివి వైపు చూసి కాపలా కాస్తుంటాం, అవి మన వెనక నుంచి దిగుతాయి. చేను నడిమధ్య మంచె దండగ అని మేము అనేది అందుకే. నాలుక కొన ఎక్కడ చేనును తాకుతుందో అక్కడ, దానికి కొంచెం పక్కగా, ఎత్తు నేల మీద మంచె ఉండాలి. ఎదురుగా కాదు, పక్కగా. ఎదురుగా ఉంటే తరిమిన జంతువుకు తిరిగి పోయే దారి ఉండదు, అది చేనులోకే ఉరుకుతుంది.

సర్వే ఆఫ్ ఇండియా పటం ఇంకో పనికి కావాలి. వాళ్ల సైట్లో 1:50,000 కొలత పటాలు ఉచితంగా దొరుకుతాయి. ఆ పటంలో 2 సెంటీమీటర్లు అంటే నేల మీద 1 కిలోమీటరు. గోధుమ రంగు గీతలు ఎత్తును చెబుతాయి, ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య 20 మీటర్ల తేడా. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే ఏటవాలు నిట్టనిలువు, దూరంగా ఉంటే నెమ్మది వాలు. ఏనుగు అంత బరువుతో నిట్టనిలువు గుట్ట ఎక్కదు, వీలైనంత వరకు నెమ్మది వాలు వెంటే పోతుంది. రెండు గుట్టల మధ్య గీతలు విడిపోయి కనుమలా ఉన్న చోటు వాటి దారి అనుకోండి. (ఈ సర్వే పని 1802 ఏప్రిల్‌లో మద్రాసు పరంగిమలై దగ్గర లాంబ్టన్ దొర మొదలుపెట్టినదే. మన పక్కనే పుట్టిన విద్యను మనం అమెరికా వీడియోలు చూసి నేర్చుకోవాల్సి వచ్చింది.)

ఏనుగుల దారి వెతికేది అక్కడ మంచె వేయడానికి కాదు, అక్కడ వేయకుండా ఉండడానికి. మనం కట్టే 10, 12 అడుగుల మంచె ఏనుగు తొండానికి అందని ఎత్తేమీ కాదు. కనుమ నుంచి నీళ్ల దాకా ఉన్న దారికి అడ్డంగా మంచె వేయడమంటే మనిషిని తీసుకుపోయి దాని ముందు కూర్చోబెట్టడమే. పనస చెట్టు మీద, పనస చెట్టు పక్కన అసలే వద్దు, పండు వాసనకు అదే ముందు వస్తుంది. మంచె నుంచి ఊరి వైపుకు దిగిపోయే బాట కూడా పటం మీదే గీసి పెట్టుకోవాలి. ఆ బాట చేను మధ్యలో నుంచి, వంకలో నుంచి పోకూడదు. ఏనుగు వచ్చిన రాత్రి డబ్బా కొట్టి వీరత్వం చూపాల్సిన పని లేదు. దిగి వచ్చేయాలి, అటవీ వాళ్లకు ఫోన్ చేయాలి. రాగి మళ్లీ పండుతుంది.

దూరాల లెక్క కూడా చూడండి. మామూలు టార్చి వెలుతురులో 100 మీటర్ల దాకా కళ్లు మెరవడం కనిపిస్తుందనుకుందాం. ఒక మంచె అటు 100, ఇటు 100 చూసుకుంటుంది. 600 మీటర్ల అంచుకు మూడు మంచెలు చాలు. అదే అంచు మీద పదకొండు కుటుంబాల చేలుంటే, ఇప్పటి పద్ధతిలో పదకొండు మంచెలు, పదకొండు మంది నిద్ర లేని మనుషులు. పైగా అందరూ తమ చేను మధ్యలోనే ఉంటారు కాబట్టి నాలుక కొన దగ్గర ఎవరూ ఉండరు. మూడు మంచెలైతే మనిషికి వారానికి రెండు రాత్రులు కూడా పడవు. గూగుల్ ఎర్త్‌లో కొలిచే బద్ద గుర్తు ఉంది, దానితో ఈ లెక్క ఎవరైనా ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు.

‘మా తాత కాలం నుంచి ఆ చింతచెట్టు మీదే మంచె’ అనే పెద్దలున్నారు. వాళ్ల మాట కొట్టేయడం లేదు. తాతలు కాలినడకన అడివంతా తిరిగి, తలలోనే పటం పెట్టుకుని ఆ చెట్టు ఎంచుకున్నారు. కానీ అప్పటి చెరువులో నీళ్లుండేవి, ఇప్పుడు లేవు. అప్పుడు బోర్లు లేవు, బోరు కింద టమాటా తోట లేదు. నీళ్లు చోటు మారితే దారి మారదా? ఇంకొక సంగతి. ఒకరు సోలారు కంచె వేసినా, అటవీ శాఖ కందకం తవ్వినా జంతువులు ఆగిపోవు, పక్క చేనుకు తిరుగుతాయి. మనకు తగ్గిందని సంతోషపడేలోపల పక్కవాడికి రెట్టింపు అవుతుంది. రెండేళ్ల కిందటి ఫోటోలో ఇదేదీ ఉండదు. అందుకే ఫోటో చూశాక నడవాలి. గిట్టల గుర్తులు, పంది తవ్విన మన్ను, చెట్టు బోదెకు రాసుకున్న బురద చూసి రావాలి. ఫోన్లో చూసి ఇక్కడే అని తేల్చేసే కుర్రవాళ్లకూ ఈ మాట చెబుతున్నాం.

మంచెల గోలెందుకు, తీగ లాగి కరెంటు పెడితే సరి అని గొణిగేవాళ్లు లేకపోలేదు. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి పక్క చేనులో కరెంటు తీగ తగిలి మూడు ఏనుగులు చచ్చాయి, రెండు పిల్లలు దిక్కులేనివయ్యాయి. తీగకు ఏనుగూ మనిషీ తేడా తెలియదు. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన మన ఇంటి మనిషైనా అంతే. ఈ మాట సంఘంలో మళ్లీ ఎత్తకూడదని మా కోరిక.

పందుల విషయంలో పటం ఇంకో రకంగా పనికొస్తుంది. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం చెప్పిన పద్ధతి ప్రకారం రిజర్వు అడివి అంచు నుంచి 1 కిలోమీటరు లోపల పందిని కాల్చకూడదు. 1 నుంచి 3 కిలోమీటర్ల మధ్య అయితే పట్టి అడివిలో వదలాలి. 3 దాటితేనే అటవీ సిబ్బంది కాలుస్తారు, అదీ వాళ్లే, మనం కాదు. మన చేలు ఏ గీత లోపల ఉన్నాయో పటం మీద కొలిచి అర్జీతో పాటు పెడితే ఆఫీసులో మాట వేరుగా ఉంటుంది. చేలు ఇక్కడ, అడివి అక్కడ అని చేతులు చూపిస్తూ నిలబడితే ఎవరు వింటారు? 2014లోనే కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం ప్రకటించారు, 504 చదరపు కిలోమీటర్లు. ఆ అడివి ఎక్కడికీ పోదు, మనమూ పోం.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. ఇంటింటికీ పంచే డబ్బు ఆపి, ముందు పెద్ద సైజులో రెండు ప్రింట్లు తీయిద్దాం, ఎండాకాలం ఫోటో ఒకటి, సర్వే పటం ఒకటి. వంక వెంట చేలున్నవాళ్లు తమ పట్టా, ఎఫ్ఎంబి నకలు తీసుకురావాలి. తమిళ బడిలో చదివినవాళ్లం కాబట్టి వాటిని చదవడం మనకు కష్టం కాదు. హద్దులు ఫోటో మీద ఎర్ర సిరాతో గీసి, నాలుక కొనలు గుర్తుపెట్టి, మర్నాడు పొద్దున్నే పెద్దవాళ్లు ఇద్దరు, కుర్రాళ్లు నలుగురు కలిసి నడిచి చూసి రావాలి. మంచెలన్నీ పట్టా నేలలోనే ఉండాలి, రిజర్వు గీత దాటి ఒక్క గుంజ కూడా పాతకూడదు. ఎవరి చేనులో మంచె పడుతుందో వాళ్లకు ఆ సీజనుకు కావలి వంతు మినహాయిద్దాం, వాళ్ల నేల వాడుకుంటున్నాం కదా. దీనికి అడ్డు చెప్పేవాళ్లు ఆదివారం సమావేశానికి వచ్చి పటం ముందు నిలబడి చెప్పండి, వింటాం. రాలేనివాళ్లు మీ చేను సర్వే నంబరు, వంకకు ఎటు పక్క ఉందో కింద రాయండి.