ఉపసంహారమే ప్రథమ పాఠం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల తల్లిదండ్రులకు కలిగే సందేహం ఒకటే: పసిబిడ్డలకు యుద్ధవిద్య ఎప్పుడు, ఎక్కడ ఆరంభించాలి?

క్షత్రియబాలుని ఉపనయనానికి మనుస్మృతి గర్భం మొదలు 11వ సంవత్సరాన్ని నిర్దేశించింది. సంస్కారం ముందు, శస్త్రం తరువాత. అయినను వయస్సంఖ్య కంటె అధికారమే ప్రధానం. అశ్వత్థామ, అర్జునుడు ఇరువురూ ద్రోణశిష్యులే. ఇరువురూ బ్రహ్మశిరోస్త్రాన్ని ప్రయోగించారు. ఉపసంహరించగలిగినవాడు మాత్రం అర్జునుడొక్కడే. కనుక ‘ఆగు’ అన్న క్షణమే ఎత్తిన చేతిని దించగల శిశువే అర్హత పొందినట్లు. అంతవరకు ఆటపాటలు, సూర్యనమస్కారాలు చాలు. పతంజలి సైతం ఆసనం కంటె ముందు అహింసాది యమాలనే నిలిపాడు.

ఇక స్థలమంటారా, కరాటే, కర్రసాము, కుప్పం పొరుగున ఉన్న తమిళసీమ సిలంబం, ఏదైనా సరే. పతకాలను ప్రదర్శించే చోటు కాక, తొలినాడే నిగ్రహాన్ని బోధించే గురువున్న చోటే బిడ్డకు గురుకులం.