అప్పజెప్పడమే అసలు చదువు

జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గిడ్డంగి నిర్వహణ నా వృత్తి. గిడ్డంగిలో సరుకు దించడం ఎవరికైనా చేతనవుతుంది. అడిగిన క్షణాన దానిని వెదకి తీయగలగడమే పనితనం. ఈ సత్యం మా అమ్మాయి చదువు విషయంలో నాకు ఆలస్యంగా స్ఫురించింది.

దుబాయిలో అమెరికన్ పద్ధతి పాఠశాలలో చదువుతున్న అమ్మాయి వచ్చే మే నెలలో ఏపీ సైకాలజీ పరీక్ష వ్రాయనున్నది. 75 బహుళైచ్ఛిక ప్రశ్నలు, రెండు వ్యాసరూప ప్రశ్నలు. ఫలితం 1 నుండి 5 వరకు. అందులో 3 గాని, అంతకు మించి గాని వస్తే అమెరికాలోని పలు విశ్వవిద్యాలయాలు కళాశాల క్రెడిట్ ఇస్తాయి.

రాత్రి ఒంటిగంట దాకా రంగుల గీతలు గీస్తూ చదివినదే చదువుతుంటే మురిసిపోయాను. ఒకనాడు పుస్తకం నేను పట్టుకొని, "నెగటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్ అంటే ఏమిటమ్మా?" అని అడిగాను. "శిక్ష, నాన్నా" అన్నది. కాదు. కారులో బెల్టు పెట్టుకోగానే బీప్ శబ్దం ఆగుతుంది. ఆ బాధ తొలగడం వల్ల బెల్టు పెట్టుకొనే అలవాటు బలపడుతుంది. అదీ అసలు అర్థం. ఆ వాక్యం క్రింద మూడు రంగుల గీతలున్నాయి!

ఇందుకు కారణం ఆ శాస్త్రమే చెబుతున్నది. 2006లో రోడిగర్, కార్పికీ అను శాస్త్రజ్ఞులు విద్యార్థులచేత ఒక పాఠాన్ని తిరిగి చదివించారు. మరొక పాఠాన్ని చూడకుండా గుర్తున్నంత వ్రాయించారు. అయిదు నిమిషాల తరువాత తిరిగి చదివిన పాఠానిదే పైచేయి. వారం గడిచేసరికి తిరిగి చదివిన పాఠంలో 42 శాతం, వ్రాసిన పాఠంలో 56 శాతం జ్ఞాపకమున్నది. తిరిగి చదవడం మనకు వచ్చుననే భ్రమను కలిగిస్తుంది. గుర్తు తెచ్చుకొనే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది.

మన పెద్దలు దీనినే అప్పజెప్పడం అన్నారు. పుస్తకం మూసి పంతులుగారికి ఎక్కాలు, పద్యాలు అప్పజెప్పిన తరం మనది. అయితే బట్టీ మాత్రం ఇక్కడ చాలదు. ఈ పరీక్షలోని వ్యాసరూప ప్రశ్నలు పరిశోధనలను ముందుంచి విశ్లేషించమంటాయి. కనుక "సొంత మాటల్లో చెప్పు, ఒక ఉదాహరణ ఇవ్వు" అని అడగాలి.

మరొక ట్యూషన్ వెదికేముందు, తల్లిదండ్రులారా, సాయంత్రం ఇరవై నిమిషాలు పుస్తకం మీరు పట్టుకోండి. మీకు మనస్తత్వశాస్త్రం రానక్కరలేదు. ప్రశ్న అడిగి ఓపికగా వింటే చాలు. ఆపై పిల్లలను నిద్రపోనివ్వండి. నేర్చినది మెదడులో కుదురుకొనేందుకు నిద్ర తోడ్పడుతుందని చెప్పేదీ ఆ శాస్త్రమే. మా యింట ఇప్పుడు రాత్రి పదింటికే దీపం ఆరుతున్నది.