పెద్దాయన చీఫ్ అయింది... క్రాస్ మిగిలిపోయింది!

అన్నదమ్ముల పొలం తగాదా అనుకోండి. పాతికేళ్ల కిందట ఊరి పెద్దమనిషి దగ్గరుండి భాగాలు పంచారు. కాగితం రాసుకోలేదు. ఇప్పుడు తమ్ముడు అసలు పంపకమే జరగలేదంటున్నాడు. అన్నకున్న ప్రధాన ఆధారం, ఎనభై దాటిన ఆ పెద్దాయన నోటిమాట. ఆయన అఫిడవిట్ ఇచ్చారు. చేతికర్ర సాయంతో వచ్చి బోనెక్కారు. ప్రమాణం చేసి, అందులో ఉన్నది తన మాటేనన్నారు. 'క్రాస్‌కి టైం కావాలి' అన్నారు తమ్ముడి వకీలు. వాయిదా పడింది. ఆ తేదీ రాకముందే పెద్దాయన పోయారు.

మరి ఆయన చెప్పింది లెక్కలోకి వస్తుందా?

చాలామంది దీన్ని మరణ వాంగ్మూలంతో కలిపేస్తుంటారు. మనిషి తన చావుకి కారణమేంటో చెప్పిన మాటకే ఆ వెసులుబాటు. పొలం గట్ల సంగతికి అది పనికిరాదు.

ఇక్కడ చూడాల్సింది 1872 నాటి సాక్ష్య చట్టంలోని 33వ సెక్షన్. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అది 27వ సెక్షన్ అయింది. సాక్షి చనిపోతే అంతకుముందు చెప్పిన సాక్ష్యాన్ని తర్వాతి కేసులోనో, అదే కేసు తర్వాతి దశలోనో వాడుకోవచ్చు. పార్టీలు వాళ్లో, వాళ్ల వారసులో అయ్యుండాలి. తగాదా విషయం అదే కావాలి. ఎదుటిపక్షానికి క్రాస్ చేసే హక్కూ అవకాశమూ ఉండి ఉండాలి. క్రాస్ జరిగి తీరాలని అనలేదు, గమనించండి! వాయిదాల మీద వాయిదాలు అడిగి, కోర్టు చివరికి 'క్రాస్ నిల్' అని రాశాక 'మాకు అవకాశమే రాలేదు' అంటే ఆ వాదన నిలవడం కష్టం.

మొదటి వాయిదాకే సాక్షి పోతే? చిక్కంతా అక్కడే. కోస్తా, రాయలసీమ కేసులు మద్రాసు హైకోర్టుకి వెళ్లే రోజుల్లో ఆ కోర్టు ఓ మాట చెప్పింది. అలాంటి సాక్ష్యాన్ని పక్కన పడేయక్కర్లేదు, దానికి ఎంత బరువివ్వాలన్నది మాత్రం వేరే సంగతి అని. తర్వాత చాలా తీర్పులు ఆ దారినే నడిచాయి, అన్నీ కాదు. కాబట్టి అన్న దగ్గర విడివిడి శిస్తు రసీదులో, పాసుపుస్తకాలో ఉంటే పెద్దాయన మాటకి బలం. ఏమీ లేకుంటే ఒక్క అఫిడవిట్‌తో గెలవడం కష్టమే. తమ్ముడి వైపు నుంచి చూస్తే అదీ సబబే. 'ఆ రోజు మీరు ఊళ్లో ఉన్నారా? అన్న దగ్గర అప్పు తీసుకున్నారా?' అని అడుగుదామంటే మనిషే లేడు.

2002 జులై నుంచి సివిల్ కేసుల్లో చీఫ్‌ను అఫిడవిట్‌గానే ఇస్తున్నారు. కోర్టు సమయం ఆదా అయింది గానీ, చీఫ్ ఒకనాడు, క్రాస్ ఇంకొకనాడు అన్నది మామూలైపోయింది. సాక్షి వయసు మీరినవారైతే, కేసు వేశాక ఎప్పుడైనా సరే, వెంటనే సాక్ష్యం తీసుకోమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 18, రూల్ 16 కింద పిటిషన్ వేయొచ్చు. మంచం పట్టినవారైతే ఆర్డర్ 26 ఉంది. కోర్టు నియమించిన అడ్వొకేట్ కమిషనర్ ఇంటికే వస్తారు. ఎదుటి వకీలూ వస్తారు. చీఫ్, క్రాస్ రెండూ ఆ మంచం పక్కనే, ఒకే పూట ముగించమని కోర్టుని ముందే అడగొచ్చు.